మురికిని ముందు చదవండి, తరువాత కడగండి

ప్రశ్న: మా నాన్నగారు 1997లో కొన్న మారుతి 800 మూడేళ్ళుగా చిత్తూరులోని మా ఇంటి పెరట్లో చింతచెట్టు కింద ఉండిపోయింది. ఈమధ్య మెకానిక్‌ని పిలిపించి కొత్త బ్యాటరీ పెట్టించి, ట్యాంకులోని పాత పెట్రోలు తీయించి, బండి స్టార్ట్ అయ్యేలా చేయించాను. కానీ బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ మట్టి, జిడ్డు, బ్యాటరీ కింద తుప్పు, ఎలుకలు కొరికిన వైర్లు కనిపిస్తున్నాయి. మా వీధి చివర వాటర్ సర్వీసు వాళ్ళు డీజిల్ కొట్టి ప్రెషర్ పంపుతో అరగంటలో కడిగేస్తామంటున్నారు. అలా చేయించమంటారా, లేక ఇంట్లో నేనే చేసుకోగలనా? నాన్నగారు ఇప్పుడు నడపలేరు గాని, వరండాలో కూర్చుని రోజూ ఆ బండినే చూస్తుంటారు. ఆయన చూసి సంతోషించేలా దాన్ని మెరిపించాలని ఉంది.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ఈ పని మీరే చేసుకోగలరు, మీరే చేసుకోవాలని కూడా నా సలహా. మీ బండిలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. 1997 నాటిది కాబట్టి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) రకం, నీళ్ళు తగిలితే పాడయ్యే కంప్యూటర్ పెట్టె ఏదీ అందులో లేదు. బానెట్ ఎత్తితే చెయ్యి ప్రతి మూలకూ వెళుతుంది, కొన్నిచోట్ల ఇంజను పక్కనుంచి కింద నేల కూడా కనిపిస్తుంది. ఇప్పటి కార్లలో ఇంత వీలు లేదు. రెండు వారాల శని, ఆదివారాలు కేటాయించుకుని, తొందరపడకుండా చేయండి. డీజిల్, ప్రెషర్ పంపు రెండూ వద్దు. ఎందుకు వద్దో కింద చెబుతాను.

అన్నిటికంటే ముందు చేయవలసింది కడగడం కాదు, చూడటం. బానెట్ కింద పేరుకున్న మురికి మూడేళ్ళుగా ఆ బండికి ఏం జరిగిందో రాసిపెట్టుకున్న దస్త్రం లాంటిది, ఒకసారి కడిగేస్తే ఆ రాత మళ్ళీ దొరకదు. ఉదయం వెలుతురులో బానెట్ ఎత్తి, ఫోనుతో నాలుగు వైపుల నుంచీ దగ్గరగా ఫోటోలు తీయండి. ప్రతి వైరు, ప్రతి గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో ఆ ఫోటోలలో కనిపించాలి. తరువాత టార్చి పట్టుకుని మరకలను ఒక్కొక్కటిగా పరిశీలించండి. మురికి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పొడి మట్టి గాలికి ఎగిరివచ్చి పడినది, దాని గురించి చింత లేదు. జిడ్డుతో కలిసి నల్లగా, ముద్దగా పట్టుకున్న మట్టి ఉన్నదంటే దానికి పైన ఎక్కడో ఆయిల్ కారుతున్నదని అర్థం. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది, కాబట్టి ఆ ముద్దలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న తడి చోటును వెతకండి. ఇంత వయసున్న బండ్లలో ఆ చోటు ఎక్కువగా ట్యాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ దగ్గరే తేలుతుంది. రబ్బరు ప్యాకింగ్ ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి, పెళుసెక్కి, పట్టు వదిలేస్తుంది. అక్కడి నుంచి జారిన ఆయిల్ సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే బండి వేడెక్కినప్పుడు మాడు వాసన వస్తుంది.

రేడియేటర్ గొట్టాల చివర క్లిప్పుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే అది కూలెంట్ చెమ్మగిల్లి ఆరిపోయిన గుర్తు. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెలుపు, నీలం కలిసిన బూజు లాంటిది ఆసిడ్ ఆవిరి లోహాన్ని తినడం వల్ల వచ్చినది. డ్రైవరు వైపు వెనక గోడకు బిగించిన బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకు ఆయిల్ నెట్టే భాగం) కింద మాత్రం మరింత శ్రద్ధగా చూడండి. అక్కడ రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా లేచి ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతున్నదన్నమాట, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ రంగును కరిగించేస్తుంది. అది కనిపిస్తే శుభ్రం చేసే పని ఆపి, ముందు మెకానిక్‌కు చూపించండి. మెరుపు తరువాతైనా తెచ్చుకోవచ్చు, బ్రేకు పని మాత్రం వాయిదా వేయకూడదు.

కడిగే ముందు చూడమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం తిరుపతిలో నా బండిని ఒక వాటర్ సర్వీసులో వదిలితే, ఇంకా వేడిగా ఉన్న ఇంజను మీదే వాళ్ళు ప్రెషర్ పంపు పెట్టారు. బయటికి తీసి అలిపిరి వైపు తిరిగేసరికి బండి కుదుపులతో ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత విప్పి చూస్తే లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు కనిపించాయి. గుడ్డతో తుడవగానే బండి నడిచింది, అది పెద్ద కష్టం కాదు. అసలు నష్టం తరువాత తెలిసింది. అంతకుముందు నుంచీ కొద్దికొద్దిగా ఆయిల్ తగ్గుతూ ఉండేది. అది ఎక్కడి నుంచి పోతున్నదో చెప్పగలిగిన మరకలన్నీ ఆ కడుగుడుతో పోయాయి. మళ్ళీ మరక కట్టేదాకా వారాల పాటు ఎదురుచూసి, అప్పుడు గాని చోటు కనిపెట్టలేకపోయాను.

ఇక కాలం, నీరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో రంగు పని పెట్టుకోవద్దు, చెమ్మ మీద వేసిన రంగు నిలవదు. మే ఎండలు కూడా పనికిరావు, శుభ్రం చేసే ద్రావణం పని చేయకముందే ఆరిపోయి మరక కడుతుంది. సంక్రాంతి తరువాత, ఎండలు ముదరకముందు, ఉదయం పూట నీడలో చేయడం అన్నివిధాలా మంచిది. మీ ఇంట్లో ఉప్పు బోరు నీళ్ళే ఉంటే వాటితో కడిగినచోట తెల్ల చారికలు మిగులుతాయి. అల్యూమినియం మీద, నల్ల ప్లాస్టిక్ మీద అవి మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. చివరి కడుగుడుకు మాత్రమైనా పది లీటర్ల మంచినీళ్ళు పక్కన పెట్టుకోండి. రేడియేటర్‌లోనైతే బోరు నీళ్ళు ఎప్పుడూ పోయవద్దు. లోపల ఉప్పు పొర కట్టి సన్నని గొట్టాలను మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మాత్రమే వాడండి.

మొదటి రోజు నీళ్ళ అవసరమే లేదు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ముందు విప్పండి, పాజిటివ్ తరువాత. ఈ వరుస ఎందుకంటే బండి బాడీ అంతా నెగెటివ్‌తో కలిసి ఉంటుంది. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే పెద్ద మెరుపుతో షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు దీనికి తలకిందులుగా, పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. బ్యాటరీని ఎత్తి పక్కన పెట్టేశాక, ఇంటి వాక్యూమ్ క్లీనరుతో గాని, రంగులు వేసే మెత్తని బ్రష్షుతో గాని పొడి చెత్తంతా తీయండి. ఎలుక గూడు ఉంటే చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు తప్పనిసరి. గూటి మీద కాస్త ఫినాయిల్ నీళ్ళు చిలకరించి తడిపాక తీస్తే దుమ్ము లేవదు. మన వైపు ఎలుక గూళ్ళలో పాత గుడ్డపీలికలతో పాటు గీకి గీకి నునుపు చేసిన మామిడి టెంకలు కూడా దొరుకుతాయి. ఒక్క టెంక లోపల మిగిలినా ఎలుక మళ్ళీ వస్తుంది.

మీ బండి చింతచెట్టు కింద ఉన్నదన్నారు కాబట్టి ఒక చోటు ప్రత్యేకంగా చెప్పాలి. వైపర్ల కింద, అద్దానికీ బానెట్‌కూ మధ్య ఒక కాలువ లాంటి పల్లం ఉంటుంది. వాన నీళ్ళు అందులో పడి రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. చింతాకు చాలా సన్నం, జల్లెడ లాంటి కన్నాల్లోంచి కూడా దూరి లోపల పడుతుంది, తడిసి కుళ్ళి, పేడ అలికినట్టు అడుగున గట్టిగా పట్టుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోతే నీళ్ళు నిలిచి, ఒకవైపు రేకును తింటాయి, మరోవైపు గాలి వచ్చే దారిలోంచి కారు లోపలికి, కాళ్ళ దగ్గరి మ్యాట్ల కిందికి చేరతాయి. వేలితో, పాత టూత్ బ్రష్షుతో ఆ ముద్ద తీసి, ఒక చెంబు నీళ్ళు పోసి, అవి చక్రాల దగ్గర నేల మీద పడేదాకా చూడండి. బండిని ఎంత మెరిపించినా ఈ రంధ్రాలు తెరవకపోతే వచ్చే వానాకాలానికి తుప్పు తిరిగి మొదలవుతుంది.

రెండవ రోజు తడి పని. డిస్ట్రిబ్యూటర్, దానికి కరెంటు పంపే కాయిల్, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో, ఫ్యూజు పెట్టె, కార్బొరేటర్ మీది ఎయిర్ ఫిల్టర్ మూతి, ఆయిల్ పోసే మూత, డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) దగ్గర మూతి, వీటన్నిటినీ పాలిథిన్ కవర్లతో చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఎన్ని కవర్లు చుట్టారో ఒక కాగితం మీద రాసుకోండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. ఎయిర్ ఫిల్టర్ మూతికి కట్టిన కవరు మరచిపోయి స్టార్ట్ చేస్తే ఇంజను దాన్ని లోపలికి లాగుతుంది. ప్లగ్గు వైర్లు మూడు, కాయిల్ నుంచి వచ్చేది ఒకటి, మొత్తం నాలుగు. వాటిని విప్పవలసి వస్తే ముందు టేపు మీద నంబర్లు వేసి అంటించండి. ప్లగ్గుల చుట్టూ ఉన్న గుంటల్లోని ఇసుకను తీసేయకుండా ప్లగ్గు విప్పవద్దు, ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

శుభ్రానికి ఆటోమొబైల్ దుకాణాల్లో దొరికే, నీళ్ళలో కలిసే రకం ఇంజన్ డీగ్రీజర్ (జిడ్డు తీసే ద్రావణం) తీసుకోండి. సీసా మీద చెప్పిన పాళ్ళలో నీళ్ళు కలపండి. చిక్కగా వాడితే త్వరగా పోతుందన్న ఆశ మంచిది కాదు, గాఢమైన క్షార ద్రావణం అల్యూమినియాన్ని తెల్లగా, మచ్చలుగా మారుస్తుంది. ఒక మూల చిన్న చోట వేసి చూసి, రంగు మారకపోతేనే ముందుకు సాగండి. కింది నుంచి పైకి, ఒక్కసారికి మూరెడు చోటు మాత్రమే చల్లి, మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఆరకముందే బ్రష్షుతో రుద్ది, సన్నని ధారతో కడిగి, బనియన్ వేస్ట్‌తో (బనియన్ గుడ్డ పీలికలతో) తుడిచేయండి. రంగుల బ్రష్షుకు ఉండే రేకు పట్టీ చుట్టూ టేపు చుడితే గీతలు పడవు. చల్లడానికి తోటలకు వాడే చిన్న చేతి పంపు చాలు, అయితే పురుగుమందు కొట్టిన పంపును మాత్రం ఎంత కడిగినా దీనికి వాడవద్దు. బోల్టుల మీద, బ్రాకెట్ల మీద బంగారు ఛాయలో కనిపించే పూత కంపెనీ వేసినదే, తుప్పును ఆపేది అదే. ఇనుప బ్రష్షుతో రుద్దితే అది పోతుంది. కంపెనీ అంటించిన కాగితపు లేబుళ్ళను తడిగుడ్డతో అద్దండి, చాలు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన లేబులు చెదరకుండా ఉండటం పాత బండికి ఒక అందం.

మురికి నీళ్ళు కూరగాయల మడిలోకి, వీధి కాలువలోకి పోకుండా కింద ఇసుక గాని, రంపపు పొట్టు గాని పరచి పీల్పించండి. కూలెంట్ కారితే వెంటనే తుడిచేయాలి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణానికే ముప్పు.

డీజిల్ సంగతి ఇప్పుడు చెబుతాను. డీజిల్, కిరోసిన్ జిడ్డును కరిగించే మాట నిజమే, అందుకే ఆ అలవాటు ఇంతకాలం నిలిచింది. కానీ అవి రబ్బరు గొట్టాలను, బెల్టులను, వైర్ల మీది తొడుగులను ఉబ్బించి మెత్తబరుస్తాయి. కడిగాక కూడా సన్నని పొరగా మిగిలి, వారంలో కొత్త మట్టిని పట్టుకుంటాయి. వేడి మానిఫోల్డ్ దగ్గర ఆ పొర ఉండటం నిప్పుకు పిలుపు. పెట్రోలుతో తుడిచే పని మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. ప్రెషర్ పంపు విషయానికొస్తే, అది 1997 నాటి కనెక్టర్లలోకి, డైనమో బేరింగుల్లోకి నీళ్ళను బలవంతంగా దూరుస్తుంది. రేడియేటర్ సన్నని రెక్కలను వంచేస్తుంది. కొంత నష్టం అప్పటికప్పుడు కనిపించదు, నెలల తరువాత కనెక్టర్ లోపల పచ్చని చిలుముగా బయటపడుతుంది.

కడిగాక కవర్లన్నీ లెక్క చూసి తీసి, బానెట్ ఎత్తి ఉంచి, కనీసం సగం రోజు ఆరనివ్వండి. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపల పొడి గుడ్డతో తుడవండి. అప్పుడు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు అలాగే ఉంచితే మిగిలిన చెమ్మ ఆరిపోతుంది. ఆ సమయంలో చున్నీ, కొంగు, జడ బెల్టు దగ్గరికి పోకుండా జాగ్రత్త. రేడియేటర్ ఫ్యాను వేడిని బట్టి దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, దాని దగ్గర చెయ్యి పెట్టి ఉంచవద్దు. చీకటి పడ్డాక ఒకసారి స్టార్ట్ చేసి, లైట్లు ఆర్పి ప్లగ్గు వైర్ల వైపు చూడండి. నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తే ఆ వైర్ల తొడుగు పగిలిందని అర్థం, నాలుగూ కలిపి సెట్టుగా మార్చేయండి.

రెండో వారానికి తుప్పు పని పెట్టుకోండి. బ్యాటరీ కింది రేకు మీద ముందుగా గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. బుసబుసమని పొంగుతుంది, ఆసిడ్ ఉన్నంతసేపూ పొంగుతూనే ఉంటుంది. పొంగు ఆగేదాకా పోసి, తరువాత మంచినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి. ఈ పని చేయకుండా వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా కింద మిగిలిన ఆసిడ్ దాన్ని పైకి లేపేస్తుంది. ఆపైన ఇనుప బ్రష్షుతో వదులు తుప్పు రాల్చి, 80 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి 220 దాకా రుద్ది, గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పూయండి. అది ఆరాక రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద బండి రంగు, ఏదైనా సరే పలుచగా రెండు మూడు పూతలు. మందంగా ఒక్క పూత వేస్తే జారి, చారలు కట్టి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. స్ప్రే డబ్బా వాడితే మాస్కు పెట్టుకుని ఆరుబయటే చేయండి. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు రేకులో రంధ్రం పడితే మాత్రం అది టింకరింగ్ షెడ్డుకు పోవలసిన పని.

రంగు వేసేటప్పుడు రెండు చోట్లను టేపుతో మూయడం మరవకండి. ఒకటి, బ్యాటరీ నెగెటివ్ వైరు, ఇంజను ఎర్త్ వైరు బాడీకి బిగించే చోటు. అక్కడ లోహానికి లోహం తగలాలి. రంగు మధ్యలో ఉంటే సెల్ఫ్ మోటారు మూలుగుతుంది, లైట్లు మసకబారుతాయి, బ్యాటరీ పోయిందనుకుని మీరు కొత్తది కొంటారు. ఆ చోటును సాండ్ పేపరుతో మెరిసేలా రుద్ది, బిగించాక పైన వాజలైన్ పూస్తే తుప్పు పట్టదు. రెండవది ఛాసిస్ నంబరు. సాధారణంగా ఈ బండ్లలో అది బానెట్ కింద వెనక గోడ మీద గుద్ది ఉంటుంది. ఏపీ 03 (చిత్తూరు జిల్లా) నంబరుతో పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ మళ్ళీ ఐదేళ్ళకు పొడిగించుకోవడానికి ఆర్టీఓ కార్యాలయానికి వెళ్ళినప్పుడు అక్కడ చూసేది ఆ అంకెలనే. వాటిని రుద్ది అరగదీసినా, రంగుతో పూడ్చినా మీ కాగితాలు ఎంత సక్రమంగా ఉన్నా ఇబ్బంది తప్పదు. మెత్తని గుడ్డతో తుడిచి వదిలేయండి.

కొరికిన వైర్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టవద్దు. బానెట్ కింది వేడికి దాని జిగురు కరిగి, టేపు ఊడిపోయి, రాగి బయటపడుతుంది. అదే రంగు, అదే లావు వైరు ముక్క తెచ్చి సోల్డరు చేయించి, వేడికి ముడుచుకునే స్లీవు వేసి, మీద ముడతల గొట్టం తొడిగించండి. ఈ ఒక్క పనికి ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించినా తప్పులేదు. ఎలుకల కోసం కలరా ఉండలు కట్టవచ్చు, కానీ వాటి ప్రభావం కొన్నాళ్ళే. రోజూ కాసేపు బానెట్ ఎత్తి ఉంచడం, వారానికి రెండుసార్లైనా బండిని కదిలించడం ఎక్కువ పనిచేస్తాయి.

పెట్రోలు గొట్టాలను వంచి చూడండి. పైన సన్నని పగుళ్ళు కనిపిస్తే కడగడం కంటే ముందు అవి మార్పించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, 1997లో చేసిన రబ్బరు దానికోసం చేసినది కాదు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టం కావాలని అడిగి తెచ్చుకోండి, కొత్త క్లిప్పులు కూడా.

ఇక మీరు అడిగిన మెరుపు. నల్ల ప్లాస్టిక్‌కు, రబ్బరు గొట్టాలకు నీళ్ళ ఆధారమైన డ్రెస్సింగ్‌ను గుడ్డకు రాసుకుని పలుచగా తుడిచి, ఐదు నిమిషాలాగి పొడి గుడ్డతో మళ్ళీ తుడిచేయండి. నిగనిగలాడే టైరు పాలిష్, కొబ్బరి నూనె వద్దు. అవి దుమ్మును పిలుస్తాయి, బెల్టు మీద పడితే బెల్టు జారి కీచుమంటుంది. చేసినట్టు తెలియని శుభ్రమే చూడటానికి బాగుంటుందని నా అభిప్రాయం. నల్లనిది నల్లగా, అల్యూమినియం అల్యూమినియంలా కనిపిస్తే బండి 1997లో షోరూము నుంచి వచ్చిన రోజును గుర్తుచేస్తుంది.

అంతా అయ్యాక మొదటి ప్రయాణం కాణిపాకం దాకా చాలు. దగ్గరి దారి, నాన్నగారిని కూర్చోబెట్టుకుని వెళ్ళవచ్చు, బండికి పూజ కూడా చేయించినట్టవుతుంది. అక్కడ ఆపి బానెట్ ఎత్తి, కడిగిన చోట్లను మరోసారి చూడండి. శుభ్రంగా ఉన్న ఇంజను మీద కొత్త చుక్క వెంటనే తెలిసిపోతుంది. అది సవ్యంగా ఉంటేనే పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఎక్కించి వేడికి ఎలా తట్టుకుంటుందో చూడండి. పైకి చేరాక రేడియేటర్ మూత మాత్రం ఇంజను చల్లారేదాకా విప్పవద్దు. ఇంటికి వచ్చాక రాత్రి ఇంజను కింద ఒక పెద్ద అట్టముక్క పరచి, తెల్లవారి తీసి చూడండి. దాని మీద మరక పడి ఉంటే మెకానిక్‌కు ఫోను చేసేముందు వరండాలో ఉన్న నాన్నగారి చేతికి ఇవ్వండి. ఇన్నేళ్ళు ఆ బండిని నడిపిన మనిషి కాబట్టి రంగు చూసి, వేలితో రాసి, వాసన చూసి అది ఎక్కడి నుంచి కారిందో మనందరికంటే ముందు ఆయనే చెప్పగలరు.